గోనె సంచుల శాఖలో అగ్గి చొక్కా

మాది జిల్లా గోనె సంచుల శాఖ. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత తీరిక దొరక్కపోవచ్చు. ఎప్పుడో కరువు రోజుల్లో ధాన్యం నింపడానికి సంచులు దొరక్కపోతే, వాటి సంగతి చూడమని ఈ శాఖ పెట్టారు. కరువు పోయింది. ధాన్యం ప్లాస్టిక్ సంచుల్లోకి మారింది. శాఖ మాత్రం నిలిచింది, ఎందుకంటే దాన్ని రద్దు చెయ్యాలంటే ఫైలు మా దగ్గర్నుంచే కదలాలి. ఆ ఫైలు కదలకుండా ముప్ఫై ఏళ్లుగా కాపు కాస్తున్నవాణ్ణి నేనే. నా పేరు పేర్రాజు, సూపరింటెండెంటుని. నోటు రాయడంలో ఈ జిల్లాలో నన్ను మించినవాడు లేడని నా మీద ఫిర్యాదులు పెట్టినవాళ్లు కూడా ఒప్పుకున్నారు.

కిందటి దసరా తర్వాత రాజధాని నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పై అధికారులెవరో ఒక సదస్సుకి వెళ్లి, మనుషులకి పని చెప్తే చెయ్యరు, అదే పనిని ఆట అంటే ఎగబడి చేస్తారు అని కనిపెట్టి వచ్చారు. దానికి 'క్రీడాత్మక పాలన' అని పేరు పెట్టారు. దాని ప్రకారం జిల్లాలోని ప్రతి శాఖా కంప్యూటర్లో 'రాజ్యరక్ష' అనే ఆట ఆడాలి. శాఖకో వీరుడు. ఆ వీరుడు నలభై దశలు దాటి, ఆఖరి కోటలో ఉన్న అలసత్వ చక్రవర్తిని చంపాలి. గడువు మార్చి ముప్ఫై ఒకటి. వీరుడికి ఏడు ప్రాణాలు. ఏడూ పోగొట్టుకున్న శాఖని మరో శాఖలో కలిపేస్తారు. చక్రవర్తిని ముందుగా చంపిన శాఖలో, 'ఆట ఆడిన సిబ్బంది ఒకరి సర్వీసును క్రమబద్ధీకరించెదరు.'

ఆ చివరి వాక్యం దాకా ఉత్తర్వు చదివింది మా ఆఫీసులో ఒక్క సత్యవేణే.

సత్యవేణి మా డేటా ఎంట్రీ ఆపరేటరు. ఔట్‌సోర్సింగు. పదకొండేళ్లుగా పనిచేస్తోంది. అంటే కళ్లతో చూసినవాళ్లకి పదకొండేళ్లు. కాగితాల మీద అలా కాదు. ప్రతి మార్చి ముప్ఫై ఒకటిన సాయంత్రం ఆమెని ఉద్యోగంలోంచి తీసేస్తాం. ఒకరోజు ఇంట్లో కూర్చుంటుంది. ఏప్రిల్ రెండున కొత్తగా చేరుతుంది. ఎవరూ ఏకబిగిన పనిచేశామని కోర్టుకి వెళ్లకుండా పెద్దలు కనిపెట్టిన ఉపాయం అది. ఆ ఉత్తర్వుల నమూనా కూడా నాదే, పక్క జిల్లాలవాళ్లు అడిగి పట్టుకెళ్లారు.

"పేర్రాజు గారండీ, ఇది నిజంగా ఇస్తారంటారా?" అని అడిగింది, ఉత్తర్వు కాపీ పట్టుకుని.

"ఉత్తర్వులో ఉందమ్మా."

"ఉత్తర్వుల్లో ఉన్నయ్యన్నీ జరిగితే మన బాత్రూంకి తలుపుండేదండి" అంది. కాపీ మడిచి పెట్టుకుని, "జూన్ వస్తే నాకు వయసు దాటిపోద్దండి. ఆ తర్వాత పర్మినెంటు చేద్దామన్నా రూల్సు ఒప్పుకోవంట. ఇదొక్కటేనండి నాకున్నది" అంది.

ఆ రోజే ఆట మొదలుపెట్టింది.

ఆట గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. వీరుడి మీదికి వచ్చే దెబ్బలు నాలుగు రకాలు. కత్తి, కోర, బాణం లాంటివి ఒక రకం. నిప్పు ఒకటి, చలి ఒకటి, విషం ఒకటి. వీటికి నాలుగు రకాల తొడుగులున్నాయి: ఇనుప కవచం, అగ్గి చొక్కా, చలి కోటు, విషం తొడుగు. నాలుగూ వీరుడి మూటలోనే ఉంటాయి గానీ ఒంటి మీద ఒక్కసారికి ఒక్కటే ఎక్కుతుంది. కవచం వేసుకుంటే కత్తి దిగదు. నిప్పు దగ్గర మాత్రం అది పెనం, లోపలున్నవాడు అట్టు. అగ్గి చొక్కా వేసుకుంటే డ్రాగన్ ఒళ్లో పడుకోవచ్చు, కానీ పిల్లి గీరినా పేగులు బయటికొస్తాయి. కాబట్టి ఎదురుగా ఎవడొస్తున్నాడో చూసి తొడుగు మార్చుకోవడమే ఆటలో ఉన్న కిటుకంతా. మార్చడానికి ఒక మీట నొక్కాలి. అర సెకను పడుతుంది.

సత్యవేణి నెల రోజుల్లో ముప్ఫై దశలు దాటేసింది. ఒక్క ప్రాణం కూడా పోలేదు. జిల్లాలో మాది రెండో స్థానం. ఇలా ఎందుకు జరిగిందా అని నేను తర్వాత చాలా ఆలోచించాను. కారణం ఒక్కటే కనిపించింది: ఆ నెల రోజులూ మేమెవ్వరం పట్టించుకోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం మా జిల్లా అధికారి త్రివిక్రమరావు గారు ఆమె సీటు వెనకాల నిలబడ్డారు. తెరమీద మీసాలున్న వీరుడొకడు మంచుకొండ ఎక్కుతున్నాడు.

"ఎవరమ్మా అతను?" అన్నారు.

"మీరేనండి" అంది సత్యవేణి.

నిజమే. వీరుడికి అధికారి హోదానే పేరుగా పెట్టాలని ఉత్తర్వులో ఉంది. వీరుడి నెత్తిమీద 'జిల్లా గోనె సంచుల అధికారి' అని బంగారు అక్షరాలు మెరుస్తున్నాయి. సార్ మొహం వెలిగిపోయింది. కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. ఇంతలో పైనుంచి చలి గబ్బిలాలు దిగాయి. సత్యవేణి మీట నొక్కింది. ఇనుప కవచం పోయి చలి కోటు వచ్చింది. ఆ మధ్యలో, కనురెప్పపాటు, జిల్లా గోనె సంచుల అధికారి బనీనూ నిక్కరుతో నిలబడ్డారు.

సార్ లేచి నిలబడ్డారు. "ఏంటిది?"

"గబ్బిలాలండి. చలి కోటు వేశాను."

"ఎవర్నడిగి వేశావు?"

"అడిగేలోపు కరిచేస్తాయి కదండీ."

సార్ నా వైపు తిరిగారు. ఆయనకి కోపం వస్తే మాటలన్నీ ఫైల్లోంచి వస్తాయి. "పేర్రాజు గారూ! గెజిటెడ్ అధికారి వస్త్రధారణ మార్చు అధికారం ఏ స్థాయిలో దఖలు పడి ఉంది? ఇంతవరకు ఎన్ని పర్యాయములు మార్చబడినది? పరిశీలించి పుటప్ చెయ్యండి."

పరిశీలించాను. నూట నలభై ఏడు పర్యాయములు మార్చబడినది. సాయంత్రానికల్లా మెమో తయారైంది. 'గెజిటెడ్ హోదా గల అధికారిని ఔట్‌సోర్సింగు మహిళా సిబ్బంది పలుమార్లు వివస్త్రను గావించి తిరిగి వస్త్రము ధరింపజేయుట పదవీ గౌరవమునకు భంగకరము. ఇకమీదట వస్త్ర మార్పిడి యావత్తూ ఫైలు ద్వారా, లిఖితపూర్వక అనుమతి పిమ్మట మాత్రమే జరుగవలెను.' వివస్త్ర అన్న మాట దగ్గర సార్ కొంచెం తటపటాయించారు గానీ, అంతకన్నా మంచి మాట దొరకలేదు.

మెమో అందుకుని సత్యవేణి, "అంటే పాము కాటేస్తానంటే ఆగమని చెప్పి, మీ దగ్గరికి ఫైలు తేవాలాండి?" అంది.

"సరైన మార్గంలో తేవాలి. నేరుగా కాదు" అన్నాను.

ముప్ఫై ఒకటో దశ డ్రాగన్ గుహ. సత్యవేణి తెల్లకాగితం మీద అర్జీ పెట్టింది: లోపల డ్రాగన్ ఉంది, నిప్పులు కక్కుతుంది, అగ్గి చొక్కాకి అనుమతి ఇప్పించగలరు. నేను దాని మీద పదమూడు పేరాల నోటు రాశాను. అందులో నాకిప్పటికీ నచ్చిన పేరా ఇది: 'గత ముప్పది దశలలో అధికారి వారిపై జరిగిన దాడులు మొత్తం 612. అందు కత్తి, కోర, బాణము వగైరా 541. చలి 48. విషము 21. నిప్పు 2 మాత్రమే. అందొకటి స్వయముగా దీపమును తన్నుకొనుటచే సంభవించినది. కావున పూర్వానుభవమును బట్టి నిప్పు వలని ప్రమాదము మూడువందలకొక్కటి.'

"గత దశల్లో డ్రాగన్ లేదు కదండీ?" అంది సత్యవేణి.

"లేనిదానికి పూర్వానుభవం ఎక్కణ్ణించి తెస్తానమ్మా?"

సార్ ఫైలు మీద 'కవచమే' అని రాసి సంతకం పెట్టారు. సత్యవేణి కవచంతోనే గుహలోకి నడిపించింది. డ్రాగన్ ఒక్కసారే ఊదింది. తెరమీద పెద్ద అక్షరాలు వచ్చాయి: 'జిల్లా గోనె సంచుల అధికారి మరణించారు. మిగిలిన ప్రాణాలు: ఆరు.'

ఈ మాట మా ఒక్క తెరమీద వస్తే బాగుండేది. కలెక్టరేట్ వరండాలో పెట్టిన పెద్ద బోర్డు మీద కూడా వచ్చింది. గంటలో చేపల శాఖవాళ్లు పూలదండ పట్టుకుని దిగారు. సార్ గదిలో టీ తాగుతూ కనిపించేసరికి ఏం చెయ్యాలో తోచక, తెచ్చిన దండ ఆయన మెళ్లోనే వేసి, కొత్త ప్రాణం వచ్చినందుకు అభినందించి వెళ్లారు.

సార్ విచారణ కమిటీ వేశారు. కమిటీలో సభ్యుణ్ణి నేనే, కార్యదర్శినీ నేనే. నివేదిక ఇరవై రెండు రోజుల్లో ఇచ్చాను. మరణానికి కారణం నిప్పు అని తేలింది. అగ్గి చొక్కాకి అనుమతి వచ్చింది. సత్యవేణి చొక్కా తొడిగి, లోపలికి పంపి, మూడు నిమిషాల్లో డ్రాగన్‌ని చంపేసింది.

ఇక చూడండి. సార్‌కి శాలువా కప్పారు. 'డ్రాగన్‌తో నా అనుభవాలు' అని టౌన్‌హాల్లో గంటన్నర మాట్లాడారు. "భయపడలేదా సార్?" అని ఎవరో అడిగితే, "బాధ్యత ముందు భయమెంత" అన్నారు. మర్నాడు ఆఫీసుకొచ్చి శాశ్వత ఉత్తర్వు జారీ చేయించారు: 'సత్ఫలితములు ఇచ్చినందున అగ్గి చొక్కాయే ఇకపై శాఖ అధికారిక దుస్తులు.'

"సార్, ముందు మంచు కనుమ ఉందండి" అంది సత్యవేణి.

"విజయం సాధించిన వస్త్రం మీద నమ్మకం ఉండాలమ్మా" అన్నారు సార్.

మంచు కనుమలో అగ్గి చొక్కాతో గడ్డకట్టారు. ఐదు ప్రాణాలు. కమిటీ వేశాం, చలి అని తేలింది, చలి కోటుకి అనుమతి వచ్చింది. అది తొడుక్కుని కనుమ దాటి, అదే కోటుతో విషపు మడుగులో దిగారు. నాలుగు. కమిటీ వేశాం. విషం తొడుగుతో మడుగు దాటి, ఆ తొడుగుతోనే కత్తులు పట్టుకున్న బందిపోట్ల మధ్యకి నడిచారు. మూడు. నిన్న తగిలిన దెబ్బకి ఇవాళ కట్టు కట్టుకుని రేపటి దెబ్బకి ఎదురెళ్లడం, మా శాఖలో అప్పటిదాకా ఒక అలవాటు. ఇప్పుడు విధానం అయింది. చేపల శాఖవాళ్లు దండలు కొనడం మానేసి, ప్లాస్టిక్ దండ ఒకటి మా గుమ్మం దగ్గరే ఉంచేశారు.

ఇంత జరిగినా మేం ముప్ఫై ఎనిమిదో దశలో ఉన్నామంటే కారణం, మిగతా శాఖల్లో కమిటీలు మాకన్నా పెద్దవి.

అప్పుడు ఆడిట్ నుంచి జనార్దనం గారొచ్చారు. సన్నటి మనిషి, నవ్వితే నోరు నొప్పెడుతుందన్నట్టు ఉంటారు. వీరుడి మూట విప్పించి చూశారు.

"వేసుకున్నది ఒకటి. మూటలో నిరుపయోగంగా ఉన్నవి మూడు. ఎందుకున్నట్టు?"

"అవసరం పడతాయండి" అంది సత్యవేణి.

"ఒక్క అవసరానికి నాలుగు తొడుగులా? అన్నింటికీ పనికొచ్చేది లేదా?"

ఉంది. ఆటలో సంత ఒకటుంది. అక్కడ 'సర్వరక్ష జుబ్బా' అని ఒకటి దొరుకుతుంది. ఆడటం రానివాళ్ల కోసం పెట్టింది. అది నాలుగు రకాల దెబ్బల్నీ ఆపుతుంది, కాకపోతే ఒక్కోదాన్నీ పదో వంతే ఆపుతుంది.

"తొమ్మిది వంతులు మనకే తగుల్తాదండి" అని మొత్తుకుంది సత్యవేణి. "అది తొడుక్కుని ఏదొచ్చినా సచ్చిపోతామండి. ఏది ముందొస్తే దానితో."

జనార్దనం గారు పెన్ను మూత పెట్టారు. "చూడమ్మా. కవచం ఎన్నింటి నుంచి కాపాడుతుంది? ఒక్కదాని నుంచి. జుబ్బా ఎన్నింటి నుంచి? నాలుగింటి నుంచి. ఒకటి ఎక్కువా, నాలుగు ఎక్కువా?"

జుబ్బా కొన్నాం. మొదటిరోజు ఒక ముసలి తోడేలు చంపింది. రెండోరోజు మడుగు ఒడ్డున దోమ కుట్టి పోయారు. 'జిల్లా గోనె సంచుల అధికారి దోమకాటుతో మరణించారు. మిగిలిన ప్రాణాలు: ఒకటి' అని వరండాలో బోర్డు మీద వచ్చేసరికి మలేరియా విభాగంవాళ్లు వచ్చి మా ఆఫీసు చుట్టూ పొగ పెట్టి వెళ్లారు. ఆడిట్ నివేదికలో మాత్రం 'జుబ్బా వలన మరణము నాలుగు రకములుగా గాక ఒకే రకముగా సంభవించినది, మెరుగుదల కలదు' అని రాసుకున్నారు.

ఒక్క ప్రాణంతో సత్యవేణి ఆ రెండు దశలూ ఎలా దాటిందో నేను చూడలేదు. ఆ రోజు సార్‌కీ జనార్దనం గారికీ భోజనాలు ఏర్పాటు చేశాను, అందరం అక్కడున్నాం. మేం తిరిగొచ్చేసరికి వీరుడు కోట గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒంటిమీద జుబ్బానే ఉంది. నేనేం అడగలేదు.

ఇక అలసత్వ చక్రవర్తి. వాడి తంత్రమేంటంటే, దెబ్బ వేసే ముందు కళ్ల రంగు మారుతుంది. ఎరుపైతే నిప్పు, నీలమైతే చలి, పచ్చ అయితే విషం, తెలుపైతే కత్తి. రంగు మారాక మూడు సెకన్లు ఆగి కొడతాడు. ఆలోపు తొడుగు మార్చుకోవాలి.

"మూడు సెకన్లలో ఫైలు నడవాలి" అన్నారు సార్, కణతలు నొక్కుకుంటూ. మా శాఖ చరిత్రలో అంతటి సంస్కరణకి ఎవరూ సాహసించలేదు. 'అక్కడికక్కడే మంజూరు విభాగం' ఏర్పాటైంది. ఒకే బల్ల దగ్గర వరసగా సత్యవేణి, నేను, జనార్దనం గారు, సార్. రిహార్సల్ వేశాం. సత్యవేణి "ఎరుపండీ!" అనగానే నేను నోటు రాశాను, జనార్దనం గారు పరిశీలించారు, సార్ సంతకం పెట్టారు, నంబరు వేశాం. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. ఇంకెవరైనా అయితే నాలుగు నెలలు పట్టేది.

"చక్రవర్తికి లేఖ రాయండి" అన్నారు సార్. "ఒక్కొక్క దాడికి కనీసం ఐదు నిమిషాల వ్యవధి ఇవ్వాలని కోరండి."

రాశాను. 'అయ్యా, తమరు కావించు దాడుల విషయమై...' అని మొదలవుతుంది. చిరునామా దొరక్క కోట, నలభయ్యో దశ అని రాసి పంపించాం. జవాబు రాలేదు.

మార్చి ముప్ఫై ఒకటిన ఉదయం సత్యవేణి నా బల్ల దగ్గరికి వచ్చింది. మనిషి చిక్కిపోయి ఉంది.

"పేర్రాజు గారండీ. సాయంత్రానికి నన్ను తీసేస్తారు కదండి, ఎప్పట్లాగే. ఎల్లుండి మళ్లీ తీసుకుంటారు. తీసుకోకపోయినా అడగడానికి లేదు. పదకొండేళ్లు మీ అక్షరాలు టైపు కొట్టానండి. నా గురించి మీరెప్పుడూ ఒక్క ముక్క మంచిగా రాయలేదు. ఇవాళ చెడ్డగా కూడా రాయకండి, అంతే చాలు. నన్ను ఆడనివ్వండి."

నాకు సిగ్గేసింది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో సిగ్గేసిన సందర్భాలు ఎక్కువ లేవు, అలవాటు లేక ఎటు చూడాలో తెలియలేదు.

పదకొండింటికి అందరం బల్ల దగ్గర కూర్చున్నాం. కోట తలుపు తెరుచుకుంది. చక్రవర్తి సింహాసనం మీదనుంచి బద్ధకంగా లేచాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"ఎరుపండీ!"

నేను పెన్ను తీశాను. తీసి, శాఖ పుట్టుపూర్వోత్తరాల నుంచి మొదలుపెట్టాను. కరువు రోజుల్లో ఈ శాఖ ఎందుకు ఏర్పడిందో ఒక పేరా రాశాను. ఆటకి సంబంధించిన ఉత్తర్వుల్ని తేదీలవారీగా ఉటంకించాను. మూడో పేరాలో 'అగ్గి చొక్కా'ని 'అగ్ని నిరోధక అంగవస్త్రము' అని రాసి, కాగితం జనార్దనం గారి ముందుకి తోశాను.

"అంగవస్త్రం అంటే పైన వేసుకునేది కదా? మంజూరైంది చొక్కా" అన్నారాయన.

"చొక్కా అని రాయడం హోదాకి తగదని సారే అన్నారండి."

"నేనెప్పుడన్నాను?" అన్నారు సార్, కాగితం లాక్కుని.

"డిసెంబరు మెమోలో ఉంది సార్. తెప్పిస్తాను."

మెమో తెప్పించాం. అందులో వస్త్రము అని మాత్రమే ఉంది. ఇద్దరికీ పట్టుదల వచ్చింది. శాశ్వత ఉత్తర్వు తెప్పించారు, కమిటీ నివేదిక తెప్పించారు. ముగ్గురం కాగితాల మీదికి వంగి ఉన్నాం. పక్కన సత్యవేణి వేళ్ల చప్పుడు వడగళ్ల వానలా వినిపిస్తోంది. నేను తలెత్తలేదు. తలెత్తితే వాళ్లూ ఎత్తుతారు. అంత నిదానంగా, అంత శ్రద్ధగా నా జన్మలో ఎప్పుడూ నోటు రాయలేదు.

ఎట్టకేలకి సార్ 'అగ్గి చొక్కా ధరించుటకు అనుమతించడమైనది' అని సంతకం పెట్టారు. పెట్టిన క్షణంలోనే కంప్యూటర్లోంచి బాకాలు మోగాయి. 'అలసత్వ చక్రవర్తి మరణించాడు. జిల్లా గోనె సంచుల శాఖ ప్రథమ స్థానం.' సత్యవేణి రెండు చేతులూ మీటల మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"చూశారా? సకాలంలో నిర్ణయం తీసుకుంటే ఎలా ఉంటుందో" అన్నారు సార్.

ఆ సాయంత్రం ఆమెని ఎప్పట్లాగే ఉద్యోగంలోంచి తీసేశాం. ఏప్రిల్ రెండున రాజధాని నుంచి లేఖ వచ్చింది. సార్ అందరినీ పిలిచి నా చేత చదివించారు. 'రికార్డుల ప్రకారము ఆట ఆడినది జిల్లా గోనె సంచుల అధికారి. కావున ఉత్తర్వుననుసరించి వారి సర్వీసును ఇందుమూలముగా క్రమబద్ధీకరించడమైనది.' ఇరవై ఆరేళ్ల కిందటే పర్మినెంటైన మనిషిని మళ్లీ పర్మినెంటు చేశారు. సార్ ఆ లేఖకి ఫ్రేము కట్టించమన్నారు. రెండో పేజీ నేను గట్టిగా చదవలేదు. 'ఆట ముగిసినందున ఆపరేటరు పోస్టు ఆవశ్యకత లేదు. రద్దుచేయడమైనది.'

ఆ పేజీ సత్యవేణి నా చేతిలోంచి తీసుకుని చదువుకుంది. సొరుగులోంచి నీళ్ల సీసా, కుర్చీ మీద వేసుకునే దిండు తీసి సంచీలో పెట్టుకుంది. అరిచినా బాగుండేది. నాకు ఒళ్లు మండిపోయింది. సార్ మీదా, రాజధాని మీదా, అన్నిటికన్నా నా చేతిరాత మీద.

"రెండు రోజులు ఆగమ్మా" అన్నాను.

"ఏ హోదాలో ఆగాలండి?" అని వెళ్లిపోయింది.

రెండు రోజులు కూడా పట్టలేదు. జనార్దనం గారి అభ్యంతరం వచ్చింది. 'ముప్పది ఒకటవ తేదీన అనుమతించిన వస్త్ర మార్పిడి ఒకటి. యంత్ర రికార్డు ప్రకారము జరిగినవి పందొమ్మిది. అనుమతి లేని పద్దెనిమిదింటికి బాధ్యులెవరు?'

సార్ మొహంలో రక్తం లేదు. "మార్చింది నేను కాదుగా?"

"రికార్డు ప్రకారం ఆడింది మీరే సార్" అన్నాను. "మీ ఉత్తర్వుని మీరే పద్దెనిమిది సార్లు ఉల్లంఘించారు."

"సత్యవేణి! సత్యవేణి మార్చింది! ఛార్జిమెమో ఇవ్వండి!"

"ఇవ్వలేం సార్. ఔట్‌సోర్సింగు మనిషికి క్రమశిక్షణ రూల్సు వర్తించవు. తీసెయ్యొచ్చు, అది ఎటూ తీసేశారు. శిక్షించడానికి మాత్రం వీల్లేదు. శిక్షించాల్సిన మనిషి లేనప్పుడు అభ్యంతరం పై అధికారి పేరునే ఉండిపోతుంది. మీ రిటైర్మెంటు ఎప్పుడు సార్?"

సార్ కుర్చీలో కూలబడ్డారు. "మార్గం లేదా పేర్రాజు గారూ?"

"ఒకటుంది. రెగ్యులర్ ఉద్యోగిని ఎంతైనా శిక్షించొచ్చు. అంచేత ముందు ఆమెని పర్మినెంటు చెయ్యాలి. అది కూడా తప్పు జరిగిన తేదీ కన్నా ముందు నుంచి. లేకపోతే తప్పు సర్వీసులో జరిగినట్టు కాదు."

సార్ కుర్చీలో ముందుకి జరిగారు. "శిక్ష కఠినంగా ఉంటుందా?"

"ఇంతవరకు ఆవిడకి పడనంత కఠినంగా ఉంటుంది సార్."

ఆ నోటు నేను ఒక్క పేజీలో రాశాను. రాజధానికి ఆడిట్ అభ్యంతరం అంటే అగ్గి డ్రాగన్ కన్నా భయం. మంచి చేసే ఫైళ్లు నడిచి వెళ్తాయి, శిక్షించే ఫైళ్లకి రెక్కలుంటాయి. నాలుగో రోజున ఆమోదం వచ్చేసింది: 'శ్రీమతి సత్యవేణిని కఠినముగా శిక్షించుటకు వీలుగా ఆమెను మార్చి ఒకటవ తేదీ నుండి జూనియర్ అసిస్టెంటుగా క్రమబద్ధీకరించడమైనది.' పద్దెనిమిది అభియోగాలు నేనే రాశాను. వాటికి ఆమె తరఫున సంజాయిషీ నేనే రాశాను. దాని మీద తీర్పు కూడా నేనే రాశాను. విచారణ ఒక్క మధ్యాహ్నంలో ముగిసింది.

సత్యవేణిని సార్ గదిలోకి పిలిపించారు. ఆయన గొంతు సవరించుకుని, శిక్ష ఉత్తర్వు ఆమె చేతికిచ్చి, "ఇకనైనా జాగ్రత్తగా ఉండు" అన్నారు. ఆమె నిలబడే చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. కాగితంలో ఒకచోట వేలు పెట్టి నా వైపు తిరిగింది.

"పేర్రాజు గారండీ. ఒక ఇంక్రిమెంటు సంవత్సరం పాటు ఆపడమైనది అని ఉందండి."

"అవునమ్మా."

"ఆపారంటే..." ఆ వాక్యాన్ని ఇంకోసారి వేలితో తడిమింది. "నాకు ఇంక్రిమెంటు ఉన్నట్టే కదండీ?"

నేను కిటికీ వైపు తిరిగాను. సార్ ముందు సూపరింటెండెంటు కళ్లు తుడుచుకోవడానికి రూల్సు ఒప్పుకోవు.

సాయంత్రం సత్యవేణి అట్టపెట్టె నిండా తాపేశ్వరం కాజాలు తెచ్చి ఆఫీసంతా పంచింది. చేపల శాఖక్కూడా పంపింది. సార్ ఒక కాజా పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు.

"శిక్ష పడితే స్వీట్లు పంచడమేంటి పేర్రాజు గారూ?"

"పశ్చాత్తాపం సార్" అన్నాను.

ఆయన తృప్తిగా తలూపి, ఇంకో కాజా తీసుకున్నారు.